కొండెక్కే సంచిలో చారు

ట్రెక్కింగు వంట మీద ఈసారి వచ్చిన ఉత్తరాలకు జవాబులివి.

ప్రశ్న: డిసెంబరులో నలుగురం వంజంగి, లంబసింగి వెళ్తున్నాం. చిన్న గ్యాస్ స్టౌ, లీటరున్నర గిన్నె ఉన్నాయి. పోయినసారి పప్పుచారు పెడితే అరగంటైనా పప్పు ఉడకలేదు. ఎత్తు వల్లేనంటున్నారు. బరువు లేకుండా, కడుపు నిండేలా ఏం చేసుకోవచ్చు?
– ఓ పాఠకుడు, మధురవాడ

జవాబు: ఎత్తు మీద నేరం మోపకండి. వెయ్యి మీటర్ల ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి. దానికి మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుందే తప్ప అరగంట కాదు. చింతపండు ముందే వేసుంటారు. పులుపు తగిలాక పప్పు మెత్తబడదు, ఎంత గ్యాస్ తగలేసినా అంతే.

పప్పును ఇంట్లోనే సగం పని పూర్తిచేసి తీసుకెళ్లండి. నలుగురికి 100 గ్రాముల పెసరపప్పు చాలు. సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక మిక్సీలో ఉప్మా రవ్వలా పట్టండి. మెత్తటి పిండి చేస్తే పల్చటి ట్రెక్కింగు గిన్నెలో అడుగంటి మాడుతుంది. వేడి మీద డబ్బాలో పోస్తే చెమ్మ పట్టి ముక్క వాసన కొడుతుంది. ఇందులో మిరియాల పొడి ఒక చెంచా, వేయించిన జీలకర్ర పొడి ఒక చెంచా, పసుపు పావు చెంచా, ఇంగువ చిటికెడు, ఉప్పు చెంచాన్నర కలపండి. (చెంచా అంటే టీ చెంచా. మిరియాలు చింతపల్లి వైపువైతే ఘాటు బాగుంటుంది.) మామిడి ఒరుగుల పొడి రెండు చెంచాలు మాత్రం వేరే పొట్లంలో ఉంచండి.

నీళ్లు లీటరుంపావు కావాలి. మీ గిన్నెలో ఒకేసారి పోస్తే పప్పు నురగ పొంగి స్టౌ ఆరిపోతుంది, కాబట్టి రెండు విడతలుగా చేయండి. సగం పొడిని ముందు చన్నీళ్లలో కలిపి, ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టాలి. మరిగే నీళ్లలో పొడి పోస్తే ఉండలు కడుతుంది. అర చెంచా నెయ్యి వేస్తే నురగ తగ్గుతుంది. మూత పెట్టి ఐదు నిమిషాలు మరగనిచ్చి, స్టౌ ఆపి, గిన్నెను తువ్వాలుతో చుట్టి పది నిమిషాలు వదిలేయండి. మిగతా ఉడుకు దానంతటదే అవుతుంది. పులుపు పొడి ఆఖర్న, దించాక.

లంబసింగి చలిలో తెల్లారుజామున స్టౌ మంట నీరసిస్తే భయపడకండి. క్యాన్‌లో ఉండే బ్యూటేన్ గ్యాస్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఆవిరవడం తగ్గిపోతుంది. క్యాన్‌ను రాత్రి దుప్పట్లో పెట్టుకుని పడుకోండి. నిప్పు మీద మాత్రం వేడి చేయొద్దు. వాగు నీళ్లయితే తెర్లుతూ ఒక నిమిషం మరిగాకే వాడండి.

ప్రశ్న: రైల్లో అరకు వెళ్తున్నాం. గ్యాస్ తీసుకెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: లేదండి. గ్యాస్ క్యాన్లు రైల్లో నిషేధం. మీరు ఫ్లాస్కు పట్టుకెళ్లండి. టీ కొట్లో మరిగిన నీళ్లు పోయించుకుంటే సూపు పని అయిపోతుంది. పల్చటి అటుకులు 30 గ్రాములు, పుట్నాల పప్పు పొడి రెండు పెద్ద చెంచాలు, మిరియాల పొడి పావు చెంచా, ఉప్పు అర చెంచా కంటే తక్కువ, కాసిన్ని ఎండిన కరివేపాకు. ఇది ఒక మనిషికి. 250 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు పోసి మూతపెట్టి ఐదు నిమిషాలు ఆగాలి. పుట్నాలు ముందే వేయించినవి కాబట్టి ఉడకనక్కర్లేదు, చిక్కదనం వాటి నుంచే వస్తుంది. పెసరపిండి ఇలా వాడొద్దు, పచ్చివాసన పోదు. ఫ్లాస్కులో నీళ్ల వేడి తగ్గిపోతే అటుకులు నానుతాయి గానీ సూపు గోరువెచ్చనే.

ప్రశ్న: టమాటాలు ఇంట్లో ఎండబెడితే బూజు పడుతున్నాయి. సూపులో ఎండు రొయ్యలు వేయొచ్చా?
– ఓ పాఠకుడు, సీతమ్మధార

జవాబు: సముద్రపు గాలి మీ శత్రువు. కిలో టమాటాలో 940 గ్రాములు నీరే, విశాఖ తేమలో అది వదలదు. అర సెంటీమీటరు కంటే పల్చగా కోసి, ఉప్పు చల్లి, జల్లెడ మీద పరిచి, సాయంత్రం కాగానే ఇంట్లోకి తెచ్చేయండి. ముక్క వంచితే విరగాలి, వంగితే ఇంకా ఎండాల్సిందే. ఎండబెట్టడం వేసవిలో చేసి పొడి కొట్టి ఉంచుకోవడమే తెలివి.

రొయ్యలు బాగుంటాయి. ఇద్దరికి 15 గ్రాములు, తలా తోకా తీసి ఇంట్లోనే దోరగా వేయించి, రెండు కవర్లలో కట్టండి, లేకపోతే సంచిలో బట్టలన్నీ అదే వాసన. వాటిలో ఉప్పు ముందే ఉంటుంది. 500 మిల్లీలీటర్ల నీళ్లలో టమాటా పొడి రెండు చెంచాలు, రొయ్యలు వేసి ఐదు నిమిషాలు మరిగించి, రుచి చూశాకే ఉప్పు. చిక్కగా కావాలంటే చోడిపిండి (రాగిపిండి) ఒక చెంచా చన్నీళ్లలో కలిపి పోసి, మరో మూడు నిమిషాలు కలుపుతూ ఉండండి. కలపడం ఆపితే అడుగంటేది చోడిపిండే.