ఐఎన్ఎస్ జలాశ్వ మన దగ్గర కట్టిన ఓడేనా?

కాదు, విశాఖలో ఉండే ఐఎన్ఎస్ జలాశ్వ అమెరికాలో కట్టిన ఓడ. 1971 నుంచి 2007 దాకా యూఎస్ఎస్ ట్రెంటన్ పేరుతో అమెరికా నేవీలో పనిచేసి, 2007 జూన్‌లో మన నేవీలో చేరింది.

కొనడానికి కారణం 2004 సునామీ. సహాయం పంపాల్సిన చోట రేవులే దెబ్బతింటే, సైన్యాన్నీ వాహనాలనీ సామాన్లనీ ఒకేసారి మోసుకెళ్లి తీరంలో దించే పెద్ద ఓడ ఉండాలి, అది మనకి లేదని అప్పుడు బాగా తెలిసొచ్చింది. దీని అసలు గొప్పతనం వెనక భాగంలో ఉంది: ఓడలోని నీటి ట్యాంకుల్లోకి సముద్రపు నీరు నింపితే ఓడ వెనకవైపు కిందికి దిగుతుంది, గేటు తెరిస్తే లోపలి డెక్‌లోకి నీళ్లొస్తాయి, అందులో ఉన్న చిన్న పడవలు యుద్ధ ట్యాంకులు, ట్రక్కులతో సహా తేలుకుంటూ బయటికి వెళ్లి ఒడ్డు చేరతాయి. రేవు అక్కర్లేదు.

మనుషుల్ని తేవడానికీ ఇంత చోటు అక్కరకొస్తుంది. 2020 మేలో కొవిడ్ లాక్‌డౌన్‌లో మాల్దీవుల్లో చిక్కుకున్న 698 మందిని మాలే నుంచి కొచ్చికి ఒక్క ట్రిప్పులో చేర్చింది.

హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్లి బీచ్ నుంచి చూసినవాళ్లు చాలామంది, వెనక చదునైన డెక్ కనిపించేసరికి, ఇది విమాన వాహక నౌక అనుకుంటారు. దాని మీద దిగేవి హెలికాప్టర్లే. యుద్ధవిమానాలకి విక్రమాదిత్య, విక్రాంత్ వేరే ఉన్నాయి.