వినబడని సర్వనామం జోలికి పోయేముందు

చిట్టితల్లీ,

బ్రెజిల్‌లోని సావో పాలో వెళ్లి పోర్చుగీసు ఊనిక మీద, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం మీద, పని చేస్తావని మీ అమ్మ చెప్పింది. సంబరపడ్డాను, వెంటనే గుబులు పట్టుకుంది. మన చెవికి హ్రస్వదీర్ఘాలే తెలుసు. అక్కడ ఊనిక పడ్డ అచ్చు కాస్త సాగుతుంది. నువ్వు దీర్ఘమని రాసేసుకుంటావు.

మైకు, చప్పుడు లేని గది సంగతి నీకు చెప్పక్కర్లేదు.

'వెందెవ్' అంటే అమ్మింది. ఊనిక 'దెవ్' మీద. 'సెదు' అంటే పెందలాడే; ఊనిక 'సె' మీద. పక్కపక్కన పడితే రెండూ ఢీకొంటాయి. అప్పుడు బ్రెజిల్ వాళ్లు మొదటి ఊనికను 'వెం' మీదికి జరపగలరు. 'ఉ బోలు కి అ అన వెందెవ్ సెదు', అన పెందలాడే అమ్మిన కేకు. ఇందులో కర్మ ముందుకు పోయి, క్రియ పక్కన అది ఖాళీ చేసిన చోటు, అంటే జాడ, మాత్రం మిగిలింది. జాడ అడ్డురాదు. అదే, 'కేకేదీ?' అంటే 'అ అన వెందెవ్ సెదు' అని జవాబిచ్చారనుకో, 'దాన్ని' అనే సర్వనామం నోట పలక్కుండానే అక్కడ కూర్చుంటుంది, ఊనికను జరగనివ్వదు. జైరో నునెస్, రకెల్ సాంతోస్ అనే భాషావేత్తలు 2009లో ఈ తేడాతోనే ఏది జాడో ఏది సర్వనామమో పట్టుకోవచ్చని వాదించారు.

అందరూ బోల్తాపడేది ఇక్కడే. ఊనిక కదల్లేదా, సర్వనామం ఆపిందని రాసేస్తారు! కాగితం చూసి నింపాదిగా చదివే మనిషి రెండు మాటల మధ్య ఊపిరి పీల్చుకుంటాడు. సందు దొరికాక ఢీ ఎక్కడిది? పైగా జరపడం వాళ్ల ఇష్టం, తప్పనిసరి కాదు. ఒక్కసారి చదివించి తీర్పు చెప్పావంటే చెవి మెలిపెడతాను. మూడో వాక్యం కలుపు: 'అ అన కొహెవ్ సెదు', అన పెందలాడే పరిగెత్తింది. కర్మే అక్కర్లేని క్రియ. అందులోనూ ఊనిక ఎన్నడూ కదలని మనిషి రికార్డింగు నీకు సాక్ష్యం కాదు. ఒక్కో వాక్యం ఐదారుసార్లు, వేరే వాక్యాల మధ్య కలిపేసి, మామూలు మాట వేగంతో చదివించు. తర్వాత ప్రాట్‌లో, అదే మాటల ధ్వనిని కొలిచే సాఫ్ట్‌వేర్‌లో, 'వెం', 'దెవ్' అచ్చుల నిడివి, మూడో వాక్యంలో 'కొ', 'హెవ్' అచ్చుల నిడివి కొలిచి, ఆ మనిషివే మూడు వాక్యాలూ పోల్చు. ఒకరి మిల్లీసెకన్లు ఇంకొకరి వాటితో కలపకు.

పోర్చుగల్‌లోని లిస్బన్ వాళ్లను చదివేవాళ్ల జాబితాలో చేర్చకు. ఊనిక లేని అచ్చుల్ని వాళ్లు మింగేస్తారు, లెక్కంతా తారుమారవుతుంది.

జులైలో అక్కడ చలికాలం, స్వెట్టరు పెట్టుకో. 'వెం' ముక్కుతో పలికే అచ్చు. జలుబు చేసినవాళ్లను ఆ రోజుకు ఇంటికి పంపెయ్.

మీ పెద్దమ్మ