చలికాలానికి రిమోట్ స్టార్టర్ పెట్టించుకునే ముందు

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

చలి ముదరకముందే కారుకి రిమోట్ స్టార్టర్, అంటే దూరం నుంచే బటన్ నొక్కి ఇంజను స్టార్ట్ చేసే పరికరం, పెట్టిద్దామనుకుంటున్నానని రాశావు. పెట్టించుకో, మంచిదే. పొద్దున్నే వేళ్లు కొంకర్లు పోతుండగా అద్దం మీద మంచు గీక్కునే బాధ తప్పుతుంది. కాకపోతే ఏ కంపెనీది కొనాలా అని నువ్వు పడుతున్న టెన్షన్ అనవసరం. లోపల మనిషి లేకుండా ఇంజను నడవబోతోంది, అసలు సంగతి అదీ. సీట్లో ఉంటే గేరు ఎక్కడుందో, పొగ ఎటు పోతోందో నువ్వే చూసుకుంటావు. ఇక మీదట అవన్నీ ముందే చూసి పెట్టుకోవాలి.

పొగ సంగతి ముందు చెప్తాను. మూసిన గ్యారేజీలో ఎట్టి పరిస్థితుల్లోనూ స్టార్ట్ చెయ్యకు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. గ్యారేజీ తలుపు ఎత్తి ఉంచానుగా అనుకోవద్దు, ఇంటికి ఆనుకుని ఉన్నదైతే సందుల్లోంచి ఇంట్లోకి కూడా చేరుతుంది. జేబులోనో సంచిలోనో రిమోట్ ఒత్తుకుపోయి బండి దానంతటది స్టార్టయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, బటన్ వరసగా రెండుమూడుసార్లు నొక్కితేనే పనిచేసేలా సెట్ చేయించు. బండి ఆరుబయటే ఉన్నా, రాత్రి మంచు బాగా కురిస్తే సైలెన్సర్ గొట్టం పూడిపోతుంది. వెళ్లి అక్కడ శుభ్రం చేశాకే స్టార్ట్ చెయ్యాలి. అలా వెళ్లాల్సి వచ్చాక ఇక రిమోట్ ఎందుకు మావయ్యా అంటావేమో. నిజమే, ఆ రోజుకి అది దండగే.

నీది మాన్యువల్ గేరు బండి. వీటికి బిగించమంటే చాలామంది మెకానిక్‌లు వద్దంటారు, వాళ్ల భయానికి అర్థముంది. గేరులో ఉండగా స్టార్టయితే బండి ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది. అందుకని మాన్యువల్‌కి పనికొచ్చే స్టార్టర్లలో ఒక పద్ధతి ఉంటుంది: ఇంజను ఆడుతుండగానే న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, తాళం తీసేసి (స్టార్టర్ ఇంజనుని ఆడిస్తూనే ఉంటుంది), దిగి తలుపులు లాక్ చెయ్యాలి. అప్పుడు ఇంజను తనే ఆగుతుంది. ఆ తర్వాత ఎవరైనా తలుపు తెరిచారంటే గేరు కదిపి ఉండొచ్చని లెక్కేసుకుని, రిమోట్‌తో స్టార్ట్ కానివ్వదు. విసుగ్గా ఉంటుంది కానీ, ఈ ఏర్పాటు లేనిదాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకు. ఇంటి ముందు వాలు ఉంటే, బండి హ్యాండ్ బ్రేకు మీదే నిలవాలి కాబట్టి, నన్నడిగితే అసలు పెట్టించుకోవద్దనే అంటాను.

ఇక బిగించే మనిషి. పెట్టె ఎంత మంచిదైనా వైరింగ్ చెడితే అంతే సంగతులు. ఇప్పటి కార్ల తాళంలో చిప్ ఉంటుంది, అది దగ్గర లేకపోతే ఇమ్మొబిలైజర్ అనే దొంగతనం అడ్డుకునే ఏర్పాటు ఇంజనుని కదలనివ్వదు. రిమోట్ స్టార్టర్ పనిచెయ్యాలంటే నీ బండి మోడల్‌కీ, తయారైన సంవత్సరానికీ సరిపోయే బైపాస్ మాడ్యూల్, అంటే ఆ అడ్డుని దాటించే చిన్న పరికరం, ఉండాలి. కొందరు పని తేలిగ్గా కావాలని స్పేర్ తాళాన్నే డాష్‌బోర్డు వెనక దాచేస్తారు, దొంగకి తాళం అప్పగించినట్టే. వైర్లు కోసి అతుకులు వేస్తావా, బండి కనెక్టర్లకే తగిలించే హార్నెస్ (వైర్ల కట్ట) వాడతావా అని అడుగు. రెండోదే మంచిది. స్టీరింగ్ కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తాయి, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికి పోనివాడే పని తెలిసినవాడు.

బండి తీసుకునేటప్పుడు అక్కడే నిలబడి చూడు. రిమోట్‌తో స్టార్ట్ చేయించి, బానెట్ ఎత్తమను. ఇంజను ఠక్కున ఆగిపోవాలి. మళ్లీ స్టార్ట్ చేయించి, తాళం పెట్టకుండా బ్రేకు తొక్కమను. అప్పుడూ ఆగాలి. బానెట్ స్విచ్ పెట్టడానికి బద్ధకించేవాళ్లున్నారు. రేపు ఎవరో బెల్టు దగ్గర చెయ్యి పెట్టి ఉండగా ఇంజను తిరిగితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

చలికి స్టార్ట్ అవ్వని బండిని ఇది బాగుచేస్తుందనుకోకు. బ్యాటరీ మీద సీసీఏ అని అంకె ఉంటుంది, మైనస్ 18 డిగ్రీల దగ్గర 30 సెకన్ల పాటు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలత అది. ముసలి బ్యాటరీ అయితే ముందు దాన్ని మార్పించు. చలి మరీ దారుణంగా ఉండే చోట ఇంజనుని ముందే వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ కూడా కావాలి. డీజిల్ బండికైతే ఇంజను లోపలి భాగాన్ని వేడిచేసే గ్లో ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగి స్టార్ట్ చేసేలా పెట్టించాలి.

ఎంతసేపు ఆడనివ్వాలంటావా? ఇప్పటి ఇంజన్లకి నిమిషం లోపే చాలు, నెమ్మదిగా నడిపితేనే అవి త్వరగా వేడెక్కుతాయి. మిగతాదంతా నీకోసం, అద్దం కోసం. ఐదు నుంచి పది నిమిషాలకి ఆగిపోయేలా పెట్టించు. అంతకు మించితే పెట్రోలు దండగ, పైగా రోడ్డు పక్కన బండిని ఊరికే ఆడనిస్తే జరిమానా వేసే చోట్లు కూడా ఉన్నాయి.

రాత్రి దిగేముందు హీటరు గాలిని ముందు అద్దం వైపు తిప్పి ఉంచు. వైపర్లు తప్పకుండా ఆపు. అద్దానికి గడ్డకట్టుకుపోయిన వైపర్, పొద్దున ఇంజనుతో పాటే కదలబోతే రబ్బరు చిరుగుతుంది, లేదంటే మోటారు కాలుతుంది.

ఫోను యాప్‌తో పనిచేసేవి నాకంత నచ్చవు, ఏటా చందా కట్టాలి, సిగ్నల్ లేకపోతే పనిచెయ్యవు. స్టార్టయిందో లేదో తిరిగి చెప్పే మామూలు రిమోట్ చాలు. సర్వీసుకి ఇచ్చేటప్పుడు రిమోట్ స్టార్ట్ పనిచెయ్యకుండా ఆపే వాలే మోడ్ ఉంటుంది, అదెలా పెట్టాలో బిగించినవాళ్ల చేతే చూపించుకో.

ఇట్లు,
మావయ్య