మూడు రోజుల బ్యాంకాక్, అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్న చిన్నాకి

చిన్నా,

నువ్వు పంపిన ప్లాన్ నిన్న రాత్రే చదివాను రా. మూడు రోజులకి పదకొండు చోట్లు రాశావు, టైమింగ్స్ కూడా వేశావు, చాలా కష్టపడ్డావని తెలుస్తోంది కానీ అందులో మీ అమ్మ మోకాళ్ళ గురించి ఒక్క మాట లేదు. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ ఇలాగే రాసుకున్నా, రెండో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి మీ పెదనాన్న ప్యాలెస్ బయట ఫుట్‌పాత్ మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పక్కన కొబ్బరిబోండాలు అమ్ముకునే ఆవిడ పరిగెత్తుకొచ్చి చల్లటి నీళ్ళు మొహం మీద జల్లింది, డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్ళొచ్చాం, రెండుసార్లూ ఒకటే పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున ఒక చోటు, సాయంత్రం ఇంకో చోటు, మధ్యలో రూముకొచ్చి పడుకోవడం. నువ్వూ అదే చెయ్యి.

నవంబర్ నించి ఫిబ్రవరి దాకా అక్కడ చల్లటి కాలం అంటారు కాబట్టి సంక్రాంతి అయ్యాక వెళ్ళడం మంచి పనే, కానీ ఆ చల్లటి కాలంలో కూడా మధ్యాహ్నం ముప్ఫై దాటుతుంది, మన బెజవాడ ఉక్కలాంటి ఉక్క. దానికి తోడు ట్రాఫిక్, సాయంత్రం పూట మూడు కిలోమీటర్లకి గంట పట్టిన రోజులున్నాయి. అందుకని నది మీదా, మన మెట్రోలా పైన నడిచే స్కైట్రైన్ మీదా తిరగాలి గానీ రోడ్డు మీద వీలైనంత తక్కువ తిరగాలి. హోటల్ ఎక్కడ తీసుకుంటావన్న దాని మీదే సగం ట్రిప్ ఆధారపడి ఉంటుంది. నువ్వు చూసిన హోటల్ మాల్స్ దగ్గర ఉంది, బాగానే ఉంది గానీ నా మాట విని సఫాన్ తాక్సిన్ అనే స్కైట్రైన్ స్టేషన్ చుట్టుపక్కల చూడు, ఆ స్టేషన్ మెట్లు దిగితే అదే సాథోన్ రేవు, చావ్ ఫ్రాయా నది మీద బోట్లన్నీ అక్కడికొస్తాయి. నారింజ జెండా బోటు ఎక్కితే మనిషికి పదహారు బాట్లు, ఎంత దూరమైనా అంతే. బాటు అంటే మన లెక్కన రెండున్నర రూపాయల పైన అనుకో. ఒక్కటే జాగ్రత్త, బోటు రేవు దగ్గర ఎక్కువసేపు ఆగదు, వెనకాల నించున్న కుర్రాడు ఈల వేస్తాడు, వేసీ వెయ్యగానే కదిలిపోతుంది, అమ్మని నీ ముందు ఎక్కించు, నాన్నని వెనక ఉండమను. అమ్మకి కూర్చునే చోటు కావాలంటే నీలం జెండాతో టూరిస్ట్ బోటు ఉంది, కాస్త ఎక్కువ తీసుకుంటారు, ఇచ్చెయ్యి.

హైదరాబాద్ నించి ఫ్లైట్ మూడున్నర గంటలే కానీ నువ్వు బుక్ చేసింది అర్ధరాత్రి బయల్దేరి తెల్లారకుండానే దిగుతుంది, అక్కడి టైమ్ మనకన్నా గంటన్నర ముందు, హోటల్ వాళ్ళు రూమ్ ఇచ్చేది మధ్యాహ్నం రెండుకి. నిద్ర లేని పెద్దవాళ్ళని ఎనిమిది గంటలు లాబీలో కూర్చోబెట్టకు. ముందు రోజు రాత్రికి కూడా రూమ్ బుక్ చేసెయ్యి, లేదంటే ఎర్లీ చెకిన్ ఇస్తామని వాళ్ళ చేత మెయిల్‌లో రాయించుకో. డబ్బులు దండగ అనిపిస్తుంది, కాదు. విసా రూల్స్ మారుతూ ఉంటాయి, టికెట్ కొన్నా సరే బయల్దేరే ముందు థాయ్ ఎంబసీ సైట్ ఒకసారి చూడు. 2025 మే నించి డిజిటల్ అరైవల్ కార్డ్ అని పెట్టారు, దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్లో నింపాలి, ఫ్రీ అది, ఎవరైనా ఫీజు అడిగారంటే దొంగ సైటని అర్థం.

ఎయిర్‌పోర్ట్ పేరు సువర్ణభూమి, వాళ్ళు సువన్నపూమ్ అని పలుకుతారు. తిరిగొచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ దాటాక క్షీరసాగర మథనం బొమ్మ ఉంటుంది, దేవతలు ఒక పక్క రాక్షసులు ఒక పక్క, మధ్యలో విష్ణుమూర్తి, నాన్నకి తప్పకుండా చూపించు. ఆయనకి ఇలాంటివి ప్రాణం కదా, ఊరి అసలు పేరు కూడా చెప్పు, వాళ్ళు బ్యాంకాక్ అనరు, క్రుంగ్ థేప్ అంటారు, పూర్తి పేరు చాలా పొడుగు, అందులో అమర రత్నకోశం, మహేంద్ర అయోధ్య, నవరత్న రాజధాని, విశ్వకర్మ అన్నీ మన మాటలే, ఆయన ఆ పేరు ముందు పెట్టుకుని ఒక పూట గడిపేస్తారు.

దిగిన రోజు ఏమీ పెట్టుకోవద్దు. పడుకుని లేచి సాయంత్రం నాలుగున్నరకి బోటెక్కి తా తియెన్ రేవు దాకా వెళ్ళండి, ఎదురుగా అవతలి ఒడ్డున వాట్ అరుణ్ ఉంటుంది, వాట్ అంటే గుడి, అరుణ్ అంటే మన అరుణుడి పేరే. దాని గోపురం నిండా పింగాణీ ముక్కలు అతికించి ఉంటాయి, ఎండ వాలేటప్పుడు మెరుస్తుంది. రేవు నించి రేవుకి దాటించే చిన్న బోటు అయిదు బాట్లు. గుడి మెట్లు నిటారుగా ఉంటాయి, అమ్మని ఎక్కించొద్దు, కింద నించి చూసినా తృప్తిగానే ఉంటుంది, అసలు ఆ గుడి అందం అవతలి ఒడ్డు మీద కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

రెండో రోజు పొద్దున గ్రాండ్ ప్యాలెస్. ఎనిమిదిన్నరకి తెరుస్తారు, ఎనిమిదింపావుకల్లా గేటు దగ్గర ఉండండి, తొమ్మిదిన్నర దాటితే బస్సుల్లో జనం వచ్చి పడతారు, లోపల నీడ తక్కువ. మనిషికి అయిదొందల బాట్లు. మోకాళ్ళూ భుజాలూ కప్పుకోవాలి, నువ్వు నిక్కరేసుకుని రాకు, అమ్మ చీరతో ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ ఒక సంగతి మనసులో పెట్టుకో. గేటుకి కాస్త ఇవతల నీటుగా డ్రెస్ చేసుకున్న మనిషి ఎవరో నవ్వుతూ వచ్చి, ఇవాళ పూజ ఉంది మధ్యాహ్నం దాకా మూసేశారు, ఈలోపు వేరే గుళ్ళు చూపిస్తానని టుక్‌టుక్ చూపిస్తాడు, చాలా తక్కువ రేటు చెప్తాడు. మేం నమ్మి ఎక్కాం. రెండు గుళ్ళు చూపించి రాళ్ళ నగల షాపుకి తీసుకెళ్ళారు, మొహమాటానికి కొన్న ఉంగరం మన ఊళ్ళో చూపిస్తే అద్దం ముక్కన్నారు. ఎవడేం చెప్పినా నడుచుకుంటూ గేటు దాకా వెళ్ళిపో, మూసిందో తెరిచిందో నీ కళ్ళతో చూడు. ఏదైనా తేడా వస్తే టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు, ఇప్పుడే ఫోన్లో వేసుకో.

లోపల అందరూ మరకత బుద్ధుడి దగ్గరికి తోసుకుంటూ వెళ్తారు, చూడండి, చిన్న విగ్రహమే, అరవయ్యారు సెంటీమీటర్లు, కాలానికొకటి చొప్పున ఏడాదికి మూడుసార్లు బట్టలు మారుస్తారు. కానీ మీరు ఎక్కువసేపు ఉండాల్సింది చుట్టూ ఉన్న వసారాలో. గోడల పొడుగునా రామాయణం, వాళ్ళు రామకియెన్ అంటారు, 178 ఘట్టాలు బంగారు రంగు కలిపి వేశారు. పైన కప్పుంది, నీడ, అమ్మ మెల్లగా నడవచ్చు. గేట్ల దగ్గర కాపలా యక్షుల్లో ఆకుపచ్చ రంగు వాడు రావణుడే, తోసకన్ అంటారు, దశకంఠుడు. నాన్నకి ఒకటి ముందే చెప్పు, వాళ్ళ హనుమంతుడు బ్రహ్మచారి కాదు, వారధి కట్టేటప్పుడు రాళ్ళు ఎత్తుకుపోయిన మత్స్యకన్య సువన్నమచ్ఛ రావణుడి కూతురు, ఆమెతో ప్రేమలో పడతాడు, కొడుకు కూడా పుడతాడు. మన మైరావణుడి కథలో హనుమంతుడి కొడుకు మత్స్యవల్లభుడు లేడూ, అది గుర్తు చేస్తే ఆయన సర్దుకుంటారు. ఆ గోడల దగ్గర నేను రెండు గంటలు ఉన్నాను, మూడోసారి వెళ్ళినా చూడనివి కనపడ్డాయి.

పదకొండున్నరకల్లా రూముకి. సాయంత్రం వాట్ ఫో, నలభయ్యారు మీటర్ల పొడుగున పడుకున్న బుద్ధుడు, పాదాల మీద ముత్యపు చిప్పతో 108 శుభచిహ్నాలు. అదే ఆవరణలో థాయ్ మసాజ్ నేర్పే బడి ఉంది, అమ్మకి పాదాల మసాజ్ చేయించు, మోకాలు నొప్పి అని ముందే చెప్పి మెల్లగా చెయ్యమను, గట్టిగా నొక్కుతారు.

మూడో రోజుకి నువ్వు రాసిన తేలే మార్కెట్, అదే కాలవలో పడవల మీద అమ్మే బజారు, తీసెయ్యి రా. వంద కిలోమీటర్లు, పోనూ రానూ నాలుగు గంటలు వ్యాన్‌లో, అక్కడ ఉండేది గంటన్నర, అమ్మేవి అన్ని చోట్లా దొరికేవే. అయుత్తయ నాకు చాలా ఇష్టం, 1350లో కట్టిన రాజధాని, 1767లో బర్మా వాళ్ళు తగలబెట్టారు, కానీ అది ఒక రోజంతా నడక, ఎండలో, ఈసారికి వద్దు. దాని బదులు పొద్దున్నే వాట్ త్రైమిత్‌కి వెళ్ళండి, అయిదున్నర టన్నుల బంగారు బుద్ధుడు, ఎన్నో ఏళ్ళు పైన సున్నం పూత ఉండి ఎవరికీ తెలీలేదు, 1955లో విగ్రహం జరుపుతుంటే పెచ్చు ఊడి లోపల బంగారం కనపడింది. సాయంత్రం చిట్‌లోమ్ స్టేషన్ దగ్గర ఎరవాన్ మండపంలో నాలుగు ముఖాల బ్రహ్మదేవుడు, మన దగ్గర బ్రహ్మకి గుళ్ళు ఎంత తక్కువో తెలుసు కదా, అక్కడ నడిబజార్లో మాల్స్ మధ్య జనం బంతిపూల దండలు పట్టుకుని వరస కడతారు. అదే వరసలో మాల్స్ కూడా చూసుకోండి, ఒక్క సాయంత్రం చాలు. సరిగ్గా ఆరింటికి స్టేషన్లో జాతీయగీతం వేస్తారు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు, మీరూ ఆగండి. రాజుగారి గురించి తేలిగ్గా ఒక్క మాట కూడా వద్దు, చట్టం చాలా కఠినం.

తిండి సంగతి. నాన్నకి ఇబ్బంది లేదు, అమ్మకే. వెజిటేరియన్ అంటే అక్కడ చాలామంది చేపల సాస్ కూడా వేసేస్తారు, నాం ప్లా అంటారు దాన్ని. వాళ్ళ మాటే వాడు, మంగ్సవిరత్, మన మాంసవిరతే అది. ఇంకా గట్టిగా చెప్పాలంటే జే అను, గుడ్డూ చేపా ఏదీ వెయ్యరు, పసుపు జెండా మీద ఎర్రటి అక్షరం కనపడితే జే భోజనమే. ఫాహురత్ అని మన ఇండియన్ల బజార్ ఉంది, అక్కడా సీలోమ్‌లో మారియమ్మన్ గుడి చుట్టుపక్కలా మన భోజనం దొరుకుతుంది. అయినా కందిపొడి ఒక ప్యాకెట్, చిన్న రైస్ కుక్కర్ పెట్టుకోండి, మూడో రోజుకి అమ్మ అన్నం అంటుంది. కుళాయి నీళ్ళు తాగొద్దు.

ఏటీఎంలో మన కార్డు పెడితే ప్రతిసారీ రెండొందల బాట్ల పైనే కోస్తారు, అందుకని ఒక్కసారే తీసుకో. టాక్సీ ఎక్కితే మీటర్ వెయ్యమని ఎక్కే ముందే అడుగు, వెయ్యనంటే దిగి ఇంకోటి చూసుకో, లేదా గ్రాబ్ యాప్ వాడు.

రేపటికల్లా సఫాన్ తాక్సిన్ దగ్గర రెండు మూడు హోటళ్ళు చూసి లింకులు పంపు, లిఫ్ట్ ఉందా, స్టేషన్ నించి ఎంత నడవాలి, బాత్రూంలో జారకుండా పట్టుకోడానికి రాడ్ ఉందా, ఫోటోల్లో చూసి నేను చెప్తాను.

పెద్దమ్మ