కోనసీమ చెరువులు ఫిల్టర్ చేస్తే ఖాళీ టేబుల్ ఎందుకొస్తోంది?

కోనసీమ జిల్లాలో రెండెకరాలు దాటిన రొయ్యల చెరువుల కోసం జియోపాండాస్‌లో (మ్యాప్ డేటాతో పనిచేసే పైథాన్ లైబ్రరీ) ఫిల్టర్ రాస్తే ఒక్క వరుసా రావడం లేదన్నారు. జిల్లా పేరు, విస్తీర్ణం, రెండు షరతులూ కలిపి పెట్టారు కదా, ముందు విడదీయండి. ఒక్కోటీ విడిగా నడిపి లెన్‌తో ఎన్ని వరుసలొచ్చాయో చూస్తే ఎక్కడ సున్నా అవుతోందో తెలిసిపోతుంది. భీమవరంలో కూర్చుని ఇదే గొడవతో నేను రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చూస్తే కోడ్ బాగానే ఉంది.

జిల్లా కాలమ్‌లో అసలేం పేర్లున్నాయో యునీక్‌తో చూడండి. కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. మీ ఫైలు 2011 జనాభా లెక్కల నాటి హద్దులతో చేసిందైతే అందులో కోనసీమ అన్న మాటే ఉండదు, అమలాపురం కూడా తూర్పు గోదావరి కిందే ఉంటుంది. అప్పుడు మండలాల జాబితా రాసుకుని ఈజ్‌ఇన్‌తో తీయాలి. పేరులో ముక్కను వెతికే కంటెయిన్స్ జోలికి మాత్రం వెళ్లకండి. రాష్ట్రమంతటి టేబుల్‌లో పోలవరం అని వెతికితే ఐ.పోలవరంతో పాటు ప్రాజెక్టు కడుతున్న పోలవరమూ వస్తుంది. గన్నవరం అంటే పి.గన్నవరం వెనకాలే విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం. పేరు చివర కనిపించని స్పేస్ ఉన్నా సమానం గుర్తు పనిచేయదు, స్ట్రిప్ చేసేయండి. మండలం కోడ్ ఉంటే ఈ పేర్ల గోలే అక్కర్లేదు.

ఇక విస్తీర్ణం. లేయర్ అక్షాంశ రేఖాంశాల్లో, అంటే 4326 అనే కోడ్ ఉన్న కోఆర్డినేట్ పద్ధతిలో (సీఆర్‌ఎస్) ఉంటే ఏరియా చదరపు డిగ్రీల్లో వస్తుంది. మన దగ్గర ఒక చదరపు డిగ్రీ అంటే సుమారు 11,800 చదరపు కిలోమీటర్లు. కోనసీమ మొత్తం కలిపినా అందులో పావు వంతు రాదు, ఇక రెండెకరాలంటే 8,094 చదరపు మీటర్లు కదా అని ఒక్క చెరువు ఏరియాని 8,094 దాటమంటే ఎలా దాటుతుంది! జియోపాండాస్ హెచ్చరిక ఇస్తూనే ఉంటుంది, మనమే చదవం. టు సీఆర్‌ఎస్‌తో మీటర్లలో కొలిచే 32644కి మార్చి అప్పుడు లెక్కేయండి, చదరపు మీటర్లలో వస్తుంది.

నేను చేసిన ఘనకార్యం, టు సీఆర్‌ఎస్ బదులు అక్కడ సెట్ సీఆర్‌ఎస్ వాడటం. అది అంకెల్ని మార్చదు, పైన అతికించిన చీటీని మారుస్తుందంతే. ఎర్రర్ ఇస్తే ఓవర్‌రైడ్ పెట్టి దాని నోరు మూయించాను కూడా. మ్యాప్ తెరిస్తే ఉప్పలగుప్తం చెరువులన్నీ భూమధ్యరేఖ దగ్గర హిందూ మహాసముద్రంలో ఉన్నాయి!

మళ్లీ షరతులు కలిపేటప్పుడు ఒక్కోదానికీ విడిగా బ్రాకెట్ వేయండి. యునీక్, సీఆర్‌ఎస్ ప్రింట్ చేస్తే ఏమొచ్చిందో ఇక్కడ పెట్టండి, చూస్తాను.