అక్షరం తిరిగి వస్తే భాగహారం ఎందుకు?

ప్రశ్న: వేర్వేరు అక్షరాలు నాలుగు ఉంటే వాటిని 24 రకాలుగా అమర్చవచ్చునని తెలుసు. ‘గలగల’ అనే మాటలోని అక్షరాలకు మాత్రం జవాబు 6 అంటున్నారు. ఒకే అక్షరం మళ్లీ వచ్చినందుకు కొన్నింటిని తీసివేస్తే సరిపోదా? 2తో రెండుసార్లు భాగించడం ఎందుకు?
– ఒక విద్యార్థిని

జవాబు: కొన్ని అమరికలు పనికిరానప్పుడు తీసివేత చేస్తాము. ఇక్కడ పనికిరానిది ఒక్కటీ లేదు. ప్రతి అమరికనూ ఒకే లెక్కన ఎక్కువసార్లు లెక్కపెట్టాము, అంతే. రెండు ‘గ’లలో ఒకదానిని ఎరుపులోను, మరొకదానిని నలుపులోను రాసి, ‘ల’లకు కూడా అలాగే చేశామనుకోండి. అప్పుడు నాలుగూ వేర్వేరు కనుక 24 అమరికలు వస్తాయి. రంగులను పట్టించుకోకపోతే, ‘గ’లు తమలో తాము చోటు మార్చుకొన్నా, ‘ల’లు మార్చుకొన్నా చదివే మాట మారదు కాబట్టి, ఒక్కొక్క మాటను 2 × 2 = 4 సార్లు లెక్కపెట్టినట్లు తేలుతుంది. 24ను 4తో భాగిస్తే 6: గగలల, గలగల, గలలగ, లగగల, లగలగ, లలగగ.

ఒకే అక్షరం మూడుసార్లు వస్తే భాగించవలసినది 3తో కాదు, 3 క్రమగుణితమైన (3 × 2 × 1) 6తో; ఆ మూడూ తమలో తాము 6 రకాలుగా చోటు మార్చుకోగలవు. తొందరలో చాలా సులభంగా జారిపోయే చోటు ఇదే.

భాస్కరాచార్యుడు 1150లో రచించిన ‘లీలావతి’ అనే గణిత గ్రంథంలో, అంకెల అమరికలను గురించిన అంకపాశ ప్రకరణంలో మీ లెక్కే అంకెల రూపంలో కనిపిస్తుంది. 2, 2, 1, 1 అంకెలతో 6 సంఖ్యలు, 4, 8, 5, 5, 5 అంకెలతో, అయిదూ వేర్వేరైతే వచ్చే 120ని 6తో భాగించగా 20 సంఖ్యలు వస్తాయి. ఆయన అంతటితో వదలక ఆ సంఖ్యల మొత్తాన్నీ అడుగుతాడు. మొదటి ఆరింటిలో ప్రతి స్థానంలోనూ 2 మూడుసార్లు, 1 మూడుసార్లు వస్తాయి కనుక స్థానానికి 9 చొప్పున మొత్తం 9999 అవుతుంది. చేతితో కూడి చూడదగిన లెక్క.

అయితే ఈ భాగహారం అక్షరాలన్నింటినీ వాడినప్పుడే చెల్లుతుంది. ‘గలగల’ నుండి రెండక్షరాలను మాత్రమే తీసుకొని అమర్చమంటే, నాలుగూ వేర్వేరైతే వచ్చే 4 × 3 = 12ను 4తో భాగించి 3 అనడం తప్పు. గగ, గల, లగ, లల అని నాలుగున్నాయి. రంగులతో చూస్తే ‘గగ’కు, ‘లల’కు రెండేసి రూపాలు, ‘గల’కు, ‘లగ’కు నాలుగేసి రూపాలు ఉన్నాయి. అన్నింటికీ ఒకే లెక్క లేనందువల్ల ఇటువంటి చోట రెండూ ఒకే అక్షరమైన అమరికలను, వేర్వేరు అక్షరాలున్న అమరికలను విడివిడిగా లెక్కించి కలపాలి.