సిరామిక్ కోటింగ్ పోయిందా, మురికి పట్టిందా?

కారు పెయింట్ మీద సిరామిక్ కోటింగ్ వేయించి తొమ్మిది నెలలైంది, మొదట్లో నీళ్లు పోస్తే ముత్యాల్లా దొర్లిపోయేవి, ఇప్పుడు బానెట్ మీద చాపలా పరుచుకుంటున్నాయి, కోటింగ్ పోయినట్టేనా, మళ్లీ వేయించాలా, అసలు దీన్ని ఎలా చూసుకోవాలి అని కదా మీరు అడిగింది. మళ్లీ వేయించకండి. కనీసం ఇప్పుడే వేయించకండి.

నా కారుకీ సరిగ్గా ఇదే జరిగింది. డీటైలింగ్ షాపుకి తీసుకెళ్తే అక్కడతను బానెట్ మీద అరచేత్తో ఒకసారి రాసి చూసి, "అయిపోయింది సార్, పాలిష్ పట్టి కొత్తగా వేయాలి" అన్నాడు. నేనూ నమ్మేశాను. ఆ వారం వాళ్లకి ఖాళీ లేకపోవడం నా అదృష్టం.

ఈలోగా డిక్కీ తలుపు మీద ఆవగింజల్లో సగం కూడా లేని గోధుమరంగు చుక్కలు కనిపించాయి. తుప్పు మొదలైందేమోనని కంగారుపడి, పెయింట్‌కి పట్టిన ఇనుప రజనుని కరిగించే ఐరన్ రిమూవర్ అనే మందు సీసా ఒకటి కొన్నాను. కారు కడిగి, నీడలో పెట్టి, డిక్కీ మీద ఎడమ సగానికే కొట్టాను. పాడైతే సగమే పాడవుతుందన్న పిరికి లెక్క నాది. రెండు నిమిషాలకి ఆ చుక్కలు ఒక్కొక్కటే ఊదారంగుకి తిరిగి, సన్నటి ధారలు కట్టి కిందకి కారడం మొదలెట్టాయి. కుళ్లిన గుడ్ల వాసన. ఆరిపోకముందే పైపుతో నీళ్లు కొట్టి కడిగేశాను. అప్పుడు చూశాను. మందు కొట్టిన సగం మీద నీళ్లు గుండ్రటి బొట్లు కట్టి జారిపోతున్నాయి. కొట్టని సగం మీద తడిగుడ్డ పరిచినట్టు అలాగే నిలబడి ఉన్నాయి. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు హద్దు. కోటింగ్ ఎక్కడికీ పోలేదు, దాని మీద మురికి కూర్చుంది.

ఎందుకలా అవుతుందంటే, ఈ కోటింగ్ ప్రధానంగా సిలికాతో చేసిన చాలా పలచని పొర. గట్టిపడ్డాక దాని మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లకి మించదు. దాని కింద కంపెనీవాళ్లు రంగు మీద వేసిన పారదర్శకమైన పొర, క్లియర్ కోట్, 40 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది. మన తలవెంట్రుక సుమారు 70 అనుకోండి. నీటిని దగ్గరికి రానివ్వకపోవడం అన్నది ఆ పలచని పొర పైముఖం చేసే పని. నీటిబొట్టు అంచు ఆ ముఖాన్ని తాకే కోణం 90 డిగ్రీలు దాటితే నీళ్లు అంటుకోకుండా బొట్టు కడతాయి. మంచి కోటింగ్ మీద అది 100 నుంచి 110 దాకా ఉంటుంది. ఇప్పుడు దాని మీద బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను, ముందు వెళ్లే బండి పొగలోని జిడ్డు, రోడ్డు మీది తారు తుంపర, నీళ్లలోని సున్నం ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయనుకోండి. నీటిబొట్టుకి తగిలేది కోటింగ్ కాదు, ఆ చెత్త. కళ్లజోడు మసకబారితే చూపు పోయిందని డాక్టరు దగ్గరికి పరిగెత్తం కదా.

కాబట్టి ముందు పరీక్ష చేయండి. బానెట్ మీద రెండు జానల చోటుకి మాస్కింగ్ టేపుతో హద్దు పెట్టుకుని, అక్కడ మామూలు షాంపూతో కడగండి. ఫలితం లేకపోతే ఐరన్ రిమూవర్. అదీ కాకపోతే తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ తడిపి ఒక నిమిషం పరిచి ఉంచి, తర్వాత బాగా నీళ్లు కొట్టి కడిగేయండి. ఒక మందు పూర్తిగా కడిగాకే రెండోది వాడండి, కలపొద్దు. ఏదీ ఎండలోనో, ఇంజిన్ వేడికి బానెట్ కాలుతున్నప్పుడో చేయొద్దు. ఇవన్నీ అయ్యాక కూడా ఆ చోట నీళ్లు పరుచుకునే ఉంటే, ఎండ అంతగా తగలని తలుపుల కింది భాగం మీద కూడా ఇదే చేసి చూడండి. అక్కడా లేదంటే అప్పుడు ఒప్పుకుందాం, కోటింగ్ అరిగింది. నాకైతే ఐరన్ రిమూవర్ దగ్గరే నూటికి డెబ్బై వంతులు తేలిపోయింది, పైకప్పు మీద మాత్రం వెనిగర్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ కథ కింద చెప్తాను.

ఈ పరీక్షలో క్లే బార్ (పెయింట్ మీద రాసి మురికి లాగే బంకమట్టి లాంటి ముద్ద) మాత్రం పట్టుకోకండి. మురికి బాగా లాగుతుందని చాలామంది సలహా ఇస్తారు, నిజమే, లాగుతుంది. కానీ అది రాపిడితో పనిచేసేది, కోటింగ్‌ని కూడా గీకుతూ పోతుంది. పాలిష్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒకటి రెండు మైక్రాన్ల పొర దాని ముందు ఎంతసేపు ఆగుతుంది? కోటింగ్ తీసేసి కొత్తది వేయడానికి ముందు మాత్రమే వాటి పని.

ఇక పైకప్పు కథ. కోటింగ్ వేయించిన కొత్తలో ఒకరోజు పొద్దున బోరు నీళ్లతో కారంతా కడిగాను. తుడవబోతుంటే ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చేసరికి అరగంట, ఎండెక్కింది, పైకప్పు మీద బొట్లన్నీ ఎక్కడివక్కడే ఆరిపోయి తెల్లటి వలయాలు మిగిలాయి. నీళ్లు అంటుకోని కోటింగ్ వేయించాక మరకలేంటి అనుకున్నాను. తీరా ఆలోచిస్తే మరక పడటానికి కారణం ఆ బొట్టు కట్టడమే. పెయింట్ మీద నీళ్లు పరుచుకుంటే వాటిలోని సున్నం కూడా పలచగా పరుచుకుంటుంది. బొట్టు కడితే మాత్రం బొట్టులో ఉన్న కాల్షియం, మెగ్నీషియం అంతా ఆ చిన్న వలయంలోనే చిక్కగా మిగులుతుంది. పక్కకి వాలుగా ఉండే తలుపుల మీద బొట్టు జారిపోతుంది కాబట్టి గొడవ లేదు. బల్లపరుపుగా ఉండే పైకప్పు, బానెట్, డిక్కీ మీదే ఈ తంటా. వెంటనే తుడిచేస్తే ఏమీ ఉండదు. ఆరాక వారం, రెండు వారాలు ఎండకి వదిలేస్తే పైన ఉన్న మరక కాస్తా లోపలికి కొరుకుతుంది. నేను వదిలేశాను. వెనిగర్‌కి చాలావరకు పోయాయి, నాలుగు వలయాలు మాత్రం ఇప్పటికీ ట్యూబ్‌లైట్ కింద కనిపిస్తాయి. వాటికోసం పాలిష్ పడితే చుట్టూ కోటింగ్ పోతుంది, అందుకని వాటితో రాజీపడ్డాను.

కాబట్టి ఈ మొత్తం వ్యవహారంలో నేను అన్నిటికంటే పట్టించుకునేది ఆరబెట్టడమే. ఏ షాంపూ, ఏ బ్రాండ్ అన్నది ఆ తర్వాతి సంగతి. కడగడం అయ్యాక పైపుకున్న నాజిల్ తీసేసి, నీళ్లు ధారగా పైకప్పు నుంచి కిందకి నెమ్మదిగా వదలండి. చిమ్మితే వందల బొట్లవుతాయి, ధారగా వదిలితే నీళ్లు ఒక దుప్పటిలా కదిలి బొట్లని తమతోపాటు లాక్కుపోతాయి. కోటింగ్ బాగుంటే ముప్పావు కారు అలాగే ఆరిపోయినట్టవుతుంది. మిగిలినదానికి దళసరి మైక్రోఫైబర్ టవల్ పరిచి, రుద్దకుండా, రెండు మూలలు పట్టుకుని మెల్లగా మీదికి లాక్కోవాలి. సైడు అద్దాల సందుల్లో, డోర్ హ్యాండిళ్ల వెనక, నంబర్ ప్లేటు కింద దాక్కునే నీళ్లు పది నిమిషాలయ్యాక తీరిగ్గా బయటికొచ్చి చారలు కడతాయి. దానికి చిన్న బ్లోయర్ ఉంటే హాయి, లేకపోతే కారు ఒకసారి వీధి చివరిదాకా తిప్పుకొచ్చి మళ్లీ తుడవండి. వాటర్ సాఫ్ట్‌నర్ ఉన్నవాళ్లకి ఒక మాట: అది కాల్షియం స్థానంలో సోడియం పెడుతుంది తప్ప నీళ్లలో కరిగినవాటిని తీసేయదు. మరకలు అప్పుడూ పడతాయి, కాకపోతే తేలిగ్గా తుడిస్తే పోతాయి.

కడిగే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది కాబట్టి క్లుప్తంగా. ముందు ఉత్త నీళ్లతో దుమ్ము, ఇసుక కొట్టేయాలి. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో మిట్ (కారు రుద్దే మెత్తటి చేతితొడుగు) జాడించుకోవడానికి మంచినీళ్లు. పైనుంచి కిందకి. చక్రాలకి వేరే బకెట్, వేరే గుడ్డ, ఇందులో మినహాయింపు లేదు. షాంపూ పీహెచ్ 7 దగ్గర ఉండేది చాలు. మైనం కలిపినవి, మెరుపునిచ్చేవి అని రాసి ఉన్నవి వద్దు, కోటింగ్ మీద ఇంకో పొర పరిచి ఇప్పుడు మీరు పడుతున్న ఇబ్బందే తెచ్చిపెడతాయి. రెండు వారాలకోసారి కడిగితే మురికి గట్టిపడే అవకాశం ఉండదు. బ్రష్షులు గిర్రున తిరిగే ఆటోమేటిక్ వాష్‌కి మాత్రం తీసుకెళ్లకండి, మీ ముందు వెళ్లిన కార్ల ఇసుకంతా ఆ బ్రష్షుల్లోనే ఉంటుంది.

ఇప్పుడు మా బావగారి గురించి చెప్పాలి. పొద్దున్నే పొడిగుడ్డతో కారు దుమ్ము దులపకపోతే ఆయనకి రోజు మొదలవదు. నా కారు వాళ్లింట్లో వారం రోజులుంటే, మర్యాదకి దాన్నీ దులిపిపెట్టారు. "తొమ్మిది హెచ్ కోటింగ్ అన్నావుగా, గీతలెలా పడతాయి?" అని ఆయన వాదన. ఈ 9హెచ్ చాలామందిని పొరబాటు పట్టిస్తుంది. అది రాళ్ల గట్టితనాన్ని కొలిచే మోస్ స్కేలులో 9 కాదు. పెన్సిల్ ములుకు గట్టితనం. రకరకాల పెన్సిళ్లతో పొర మీద గీసి చూస్తారు, వాటిలో అన్నిటికంటే గట్టిదైన 9హెచ్ పెన్సిల్‌కి కూడా గీత పడలేదని దాని అర్థం, అంతే. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువు క్వార్ట్జ్, మోస్ స్కేలులో 7. పెన్సిల్ ములుకులో ఉండేది మట్టి కలిపిన గ్రాఫైట్. రెంటికీ పోలికే లేదు. పొడిగుడ్డ కింద ఆ ఇసుక పెట్టి రుద్దితే ఏ కోటింగూ కాయదు. ఎండలో పక్కనుంచి చూస్తే సూర్యుడి చుట్టూ సాలెగూడులా కనిపించే గీతలు ఎక్కువగా ఇలా వచ్చినవే. కోటింగ్ కారుకి దుమ్ము తక్కువ అంటుకుంటుంది, అంటుకున్నది నీళ్లు కొడితే తేలిగ్గా పోతుంది. ఆ సుఖం వాడుకోండి, గుడ్డ జోలికి పోవద్దు. బావగారికి ఇప్పుడు కారు మీద కవర్ కప్పి ఇస్తున్నాను. (ఆ కవర్ కూడా దుమ్ము పట్టిన కారు మీద కప్పితే గాలికి అటూ ఇటూ రాసుకుని గీతలు పెడుతుంది, అది వేరే కథ.)

గుడ్డల విషయంలో రెండు జాగ్రత్తలు. నేల మీద పడిన మైక్రోఫైబర్‌ని దులిపి మళ్లీ వాడొద్దు. ఉతికేటప్పుడు మెత్తదనం కోసం పోసే కంఫర్ట్ లాంటివి వేయొద్దు, పోగుల మీద పూతలా పట్టి గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది.

పక్షి రెట్ట పడితే ఆదివారం కడుగుదాంలే అని ఆగకండి. అందులో యూరిక్ యాసిడ్ ఉంటుంది, ఎండలో పెయింట్ వేడెక్కితే గంటల్లోనే అచ్చు పడొచ్చు. కోటింగ్ మీకు కొంత టైమ్ ఇస్తుంది, పూర్తి రక్షణ ఇవ్వదు. కార్లో చిన్న స్ప్రే సీసాలో నీళ్లు, రెండు గుడ్డలు ఉంచుకోండి. ముందు బాగా నానబెట్టి, మెత్తబడ్డాక ఎత్తి తీసేయాలి. దానిలో గింజలు, ఇసుక ఉంటాయి, రుద్దితే గీతలే. చెట్టు జిగురుకీ ఇదే పద్ధతి, కాస్త ఓపిక ఎక్కువ కావాలి.

మూడు నెలలకోసారి సిలికా టాపర్ స్ప్రే కొడతాను. అసలు కోటింగ్ మీద పడాల్సిన అరుగుదల దీనిమీద పడుతుంది, నీళ్లు జారడం కూడా మళ్లీ చురుగ్గా ఉంటుంది. కానీ ఇది శుభ్రమైన కారుకే. మురికి మీద కొడితే వారం రోజులు మురిసిపోతారు, ఆ తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. తలుపుకి రెండు పిచికారీలు చాలు. ఎక్కువ కొడితే ఎక్కువ రక్షణ అనుకుని నేను మొదటిసారి సీసాలో మూడో వంతు ఖాళీ చేశాను, నల్ల కారు మీద వచ్చిన చారలు తుడవలేక సాయంత్రమంతా పోయింది.

వారంటీ కార్డు మీద ఎన్నేళ్లు అని రాసి ఉన్నా, ఏడాదికోసారి వాళ్లకి చూపించాలన్న షరతు కింద చిన్న అక్షరాల్లో ఉండొచ్చు, ఇప్పుడే చదువుకోండి. రాళ్లు తగిలి పెయింట్ లేచిపోతే మాత్రం కోటింగ్‌ని తిట్టకండి, అది దాని పని కాదు. దానికి 150 నుంచి 200 మైక్రాన్ల మందంతో వచ్చే పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, పెయింట్ మీద అంటించే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర) వేరే ఉంది.

మీ విషయంలో నేనైతే ఈ వారాంతంలో డిక్కీ తలుపు దగ్గర మొదలుపెడతాను. కారు వెళ్తుంటే వెనక గాలి సుడి తిరిగి మురికంతా అక్కడికే చేరుతుంది కాబట్టి తేడా అక్కడే బాగా తెలుస్తుంది. సగానికి టేపు వేసి, ఒకవైపే మందు కొట్టి, నీళ్లు పోసి చూడండి. గ్లౌజులు తప్పకుండా వేసుకోండి, నేను వేసుకోక ఆ వాసన రెండు రోజులు చేతిని వదల్లేదు.